ఎవరి సమ్మతి, ఎవరి సంతకము

రైటరు: పంతులమ్మగారూ, 1947 నాటి మద్రాసు దేవదాసీ సమర్పణ నిషేధ చట్టము చేసినవారు మన ఉత్తరాంధ్రమును మరువలేదు. బోగము, కళావంతుల, సాని, నాగవాసులు, దేవదాసి అను కులనామముల సరసనే, శ్రీకూర్మము గుడి పేర వచ్చిన కూర్మాపులు అను పేరును గూడ ఆ చట్టమునకెక్కించిరి. ఆలయపు ఆవరణములో గాని, దేవుని ఊరేగింపులో గాని, ఉత్సవములో గాని స్త్రీ ఆడుట నేరమనియు, అందుకు ఆరు మాసముల ఖైదో, 500 రూపాయల జుల్మానాయో, లేక రెండునో విధింపవచ్చుననియు శాసించిరి. 1956లో ఆంధ్ర రాష్ట్రమువారు దానిని సవరించి పెండ్లిండ్ల మేజువాణులను గూడ అందు చేర్చిరి. ప్రజాప్రభుత్వము కన్ను తెరచిన తొలినాళ్లలో, ఆడుదాని విషయమున దానికి తోచిన పనులలో ఆమె కాలు కదపరాదనుట యొకటి. స్త్రీకి స్వేచ్ఛ యను పేర మనము నిజముగా ఇచ్చినది పెండ్లి యొక్కటే యనియు, ఆ గుమ్మము గుండ రాని స్త్రీకి ఈ రాజ్యములో చోటు కడు ఇరుకైపోయెననియు నా వాదము.

పంతులమ్మ: మీరు దస్తావేజులు వ్రాయు మనుష్యులు, చట్టమును సగము చదివి విడువరాదు. సమర్పింపబడినంత మాత్రమున ఏ స్త్రీయు వివాహమునకు అనర్హురాలు కాదనియు, అట్లు అనర్హురాలిని చేయు ఆచారము చెల్లదనియు కూడ ఆ చట్టములోనే యున్నది. పెండ్లి చేసికొమ్మని అది ఎవతెను నిర్బంధింపలేదు. పెండ్లి దారికి కులము అడ్డముగా వేసిన గడియను తీసినది, అంతే. ఇక కాలు కదపరాదనుట సంగతి. ఆ కాలికి గజ్జె కట్టిననాడు దాని వయస్సెంత? అక్షరములైన రాని పసిబిడ్డను దేవుని యెదుట నిలిపి, కత్తికో విగ్రహమునకో ముడిపెట్టి, యీడు వచ్చిన పిమ్మట ఏ ధనికుని చెంత నుండవలెనో పెద్దలే బేరమాడి నిర్ణయించు పద్ధతిలో, ఆ బిడ్డను అడిగినవారెవరు? గురజాడ అప్పారావుగారు కన్యాశుల్కమునకు వ్రాసిన పీఠికలోని లెక్క చూడుడు. మన భోగాపురము గూడ చేరియుండిన ఆ పాత విశాఖపట్టణ మండలములో, మూడేండ్లలో శుల్కము పుచ్చుకొని జరిపిన బ్రాహ్మణ వివాహములు 1,034 అని విజయనగర మహారాజావారు వ్రాయించిన పట్టికలో తేలెను. అందు ఐదేండ్ల పెండ్లికూతుండ్రు 99 మంది, రెండేండ్లవారు ఆరుగురు, ఏడాది పసికందులు ముగ్గురు. ఆ ముగ్గురికి 350 మొదలు 400 రూపాయల వరకు ధర పలికినది. పసిపిల్లను అమ్మి దానికి ఆచారమని పేరు పెట్టుట ఈ సీమకు కొత్త గాదు. ఆ పెద్దల చేతినుండి పిల్లను విడిపించుటకు చట్టము తప్ప వేరు సాధన మేది?

రైటరు: అమ్మా, నా పక్షమున చెప్పవలసిన సాక్ష్యమును మీరే చెప్పితిరి! ఆ 1,034 మందియు పెండ్లికూతుండ్రు గదా, సానులు గారు గదా! వేదమంత్రములతో, అగ్నిసాక్షిగా అమ్ముడువోయిన బిడ్డలు వారు. అయినను వివాహమును నిషేధింపవలెనని ఏ సంస్కర్తయు అనలేదు; 1929లో శారదా చట్టము తెచ్చి ఆడపిల్లకు పదునాలుగేండ్లు నిండవలెనని మాత్రము నియమించిరి. వివాహములోని దోషమునకు చికిత్స, నాట్యములోని దోషమునకు ఉరి! వయస్సు నియమమే చాలునన్నచో అది అక్కడను చాలియుండవలసినది. పదునెనిమిదేండ్లు నిండిన స్త్రీ తన యిష్టముచే స్వామి రథము ముందు నాట్యమాడినను నేరమే యని ఎందులకు వ్రాయవలసి వచ్చెను?

పంతులమ్మ: ఆ మాట సూటిగా తగిలినది, కాదనను. వయస్సునకు హద్దు గీసి ఊరకుండినచో నాకును సమ్మతమే యగును. కాని ఆనాటివారికి ఆ రెంటిని వేరుచేయుట సాధ్యమై యుండెనా? ఆట నేర్చినది పసితనమున, నేర్పినది ఆమెను పోషకునకు అప్పగింపబోవు ముసలిది. ఆ విద్యయు ఆ బ్రతుకును ఒకే పడుగు పేకలుగా నేయబడి యుండెను. ఇంకొక సంగతి. ఈ చట్టమును పైనుండి ఎవరో రుద్దినట్లు చెప్పుదురు గాని, దానికై పోరాడిన డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి తల్లి ఆ కులపు స్త్రీయే. తెలుగునాట యామినీ పూర్ణతిలకమ్మ ఆ కులములో పుట్టియే దానిని వదలి రమ్మని తన తోటివారిని పిలిచినది. 1921లో గాంధీగారు కాకినాడకు వచ్చినప్పుడు, ఇంకను పన్నెండేండ్ల పిల్లయైన దుర్గాబాయి దేవదాసీలను, ఘోషా స్త్రీలను వారి దర్శనమునకు తీసికొని రాబోగా, పెద్దలు 5,000 రూపాయలు విరాళము తెచ్చిననే గాని వీలు లేదనిరట. ఆ సొమ్మును సమకూర్చినది ముఖ్యముగా దేవదాసీలే. మేళములో మాత్రమే తమకు చోటిచ్చిన లోకముతో, సభలో కూడ కూర్చుండ నిండని ఆ స్త్రీలు అడుగుచుండిరి. ఆ ఆకలిని మీరు లెక్కలోనికి తీసికొనలేదు.

రైటరు: తీసికొంటిని. అయితే రెండవ వైపు నిలిచిన స్త్రీలు గూడ ఆ కులమువారే. బెంగుళూరు నాగరత్నమ్మ ఎవరు? తన ఆభరణములు అమ్మి తిరువయ్యారులో త్యాగరాజస్వామికి గుడి కట్టించిన స్త్రీ; తాను కట్టించిన చోట ఆడువారిని పాడనీయకున్నచో ఆడువారి గోష్ఠి వేరుగా నడిపిన స్త్రీ; ముద్దుపళని రాధికాసాంత్వనమును 1910లో అచ్చువేయించి ప్రభుత్వమువారి నిషేధమునకు గురియైన స్త్రీ. తమ కులమును పూర్తిగా నేరము చేయవద్దని మద్రాసులోని దేవదాసీ సంఘముతో కూడి ఆమె అర్జీ పెట్టినది. ప్రకాశం పంతులుగారు ప్రధానులుగా నుండగా ఆ కావ్యము మీది నిషేధము తొలగినది. వారు దిగిపోయిన కొలది కాలమునకే నాట్యము మీద నిషేధము వచ్చినది. వేశ్య వ్రాసిన గ్రంథమునకు విడుదల, వేశ్య మనుమరాలికి సంకెల! పోనిండు, ఆస్తి మాట చూతము. 1956కు ముందు గృహిణికి దత్తత చేసికొను స్వతంత్రమే లేదు. భర్త యనుమతి వలయును, అదియు మగపిల్లనికే. కళావంతురాలో? ఆడపిల్లను దత్తత చేసికొనునది, ఆ ఆచారమును మద్రాసు హైకోర్టువారును అంగీకరించిరి. తల్లి యిల్లు కూతునకు, కూతుని యిల్లు మనుమరాలికి. ఆ పాత రిజిస్టరులలో స్త్రీ పేరు ఫలానావాని భార్య యని గాక, ఉట్టి పేరుగా, ఆస్తి యజమానురాలుగా కనబడునది అట్టి ఇండ్లలోనే. మర్యాదస్థుల యింటి కోడలికి ఆ భాగ్యము ఏనాడు పట్టెను?

పంతులమ్మ: ఇనాము గలదానిని చూపి ఇనాము లేని వందమందిని మరపించుచున్నారు. మీరన్న ఆ యజమానురాలి యింటి వెనుక తట్టు, అరుగు మీద కూర్చుండి వచ్చిపోవువారి చెప్పుల చప్పుడు వినుచు, తన వంతు గడచిపోయినదని తెలిసి, చెల్లెలి బిడ్డల గుడ్డలు ఉతుకుచు కాలము వెళ్లబుచ్చిన ముసలిదానిని గూడ చూడుడు. ఆమెకు మనోవర్తి అడుగుటకు భర్త లేడు, బిడ్డకు చెప్పుకొనుటకు తండ్రి పేరు లేదు. 1929లో ముత్తులక్ష్మిగారి శాసనము దేవదాసీ ఇనాములను ఆలయసేవ కట్టుబాటునుండి విడిపించి ఆ భూమిని ఆ స్త్రీలకే ఉంచినది. అది మంచి శాసనము, మీరును ఒప్పుకొందురు. కాని భూమి లేనిదానిని నిలబెట్టినది ఏమి? జమీందారుని దయ. 1948లో ఎస్టేటుల రద్దు చట్టము వచ్చి జమీలే పోయినవి. దేవదాసీ చట్టము పుట్టకున్నను ఆ దీపములో నూనె అయిపోయెడిదే. తాను స్వతంత్రురాలనని ఆమె యనుకొన్నను, ఆ స్వాతంత్ర్యము పెట్టెలో దాచిన తాళముచెవి ఎప్పుడును వేరొకని మొలత్రాటనే వ్రేలాడినది.

రైటరు: దయమీద బ్రతికిన బ్రతుకని ఒప్పుకొందును. నాకు తెలిసినంతలో ఆ ముసలిదాని మాట కూడ నిజమే. అయితే గృహిణి బ్రతికినది దేనిమీద? ఒకని దయకు పెండ్లి యని పేరు పెట్టి, మరొకని దయకు వ్యభిచారమని పేరు పెట్టుటలోనే రాజకీయమంతయు ఇమిడియున్నది. వోటు చరిత్ర చూడుడు. 1921లో మద్రాసు రాష్ట్రము బ్రిటిషు ఇండియా రాష్ట్రములన్నిటికన్న ముందు స్త్రీలకు వోటిచ్చినది, కాని అది ఆస్తి గలవారికే. అనగా సొంత భూమి గల కళావంతురాలికి వోటు, ఆమె గుమ్మము ముందునుండి ముఖము త్రిప్పుకొని పోవు గృహిణికి లేదు! 1935 శాసనములో ఈ తప్పును ఎట్లు సవరించిరో ఎరుగుదురా? ఆస్తిగల మగవాని భార్యయైనచో ఆ భార్యాత్వమే యోగ్యతగా వోటు దయచేసిరి. మనిషిగా గాదు, పౌరురాలుగా గాదు, ఇల్లాలుగా!

పంతులమ్మ: ఎరుగుదును. అయితే ఆ వాక్యమును మీరు అక్కడ ఆపరాదు. ఆ భార్యాత్వపు యోగ్యతను తుడిచివేసినది ఎవరు? 1950 రాజ్యాంగమే, 326వ అధికరణము ఇల్లాలని, సాని యని, విధవ యని అడుగక, వయస్సు మాత్రమే అడిగినది. మొదటి సాధారణ ఎన్నికల జాబితాలలో తమ పేరు చెప్పక ఫలానావాని తల్లి, ఫలానావాని పెండ్లామని వ్రాయించుకొన్న ఉత్తరదేశపు స్త్రీలను ఇంచుమించు 28 లక్షల మందిని ఎన్నికల కమీషనరు సుకుమార్ సేన్ గారు జాబితానుండి తీసివేయించిరి. అది క్రూరమని కొందరందురు. నాకు మాత్రము ఈ దేశమునందు భార్యాత్వము మీద పడిన మొదటి గట్టి దెబ్బ అదియే యని తోచును. పేరు చెప్పుకొన్ననే గాని వోటు లేదనుట! నేను ఐదవ తరగతి ఆడపిల్లలకు మొట్టమొదట తమ పేరు బిగ్గరగా చెప్పుట నేర్పుదును. దాని తరువాతనే ఎక్కములు.

రైటరు: ఆ యెత్తున మీదే గెలుపు.

పంతులమ్మ: గెలుపు మాట వలదు. ఆ రాజ్యాంగము ఇచ్చినదానికి చెల్లించిన వెల గూడ తెలియవలెను. హిందూ కోడు బిల్లును ఏండ్ల తరబడి నాన్చినందులకు 1951 సెప్టెంబరులో అంబేద్కరు మంత్రి పదవిని వదలిరి. రాజ్యాంగ సభలో స్త్రీల పక్షమున గొంతు విప్పిన దుర్గాబాయి 1952 ఎన్నికలలో ఓడిపోయినది. తుదకు 1955, 56లలో నాలుగు ముక్కలుగా కోసి ఆమోదించిరి: వివాహము, వారసత్వము, మైనరుల సంరక్షణ, దత్తత. మీరు ఇందాక దత్తత యన్నారు గదా, గృహిణికి ఆడపిల్లను పెంచుకొను వీలు 1956లో వచ్చినది.

రైటరు: వచ్చినది, అయితే భర్త యున్న స్త్రీ తానుగా దత్తత చేసికొనరాదని, భర్త చేసికొనగా ఆమె సమ్మతి తెలుపవలెనని మాత్రమే అందున్నది. అది మారినది 2010లో. కళావంతురాలు వంద యేండ్ల క్రిందట చేయగలిగిన పని, చట్టబద్ధమైన భార్యకు చేతగాలేదు. సరే, కళావంతుల సంగతి అంతటితో విడుతము. మన ముక్కాము, చేపల కంచేరు బెస్తపల్లెల వైపు పోదము. అక్కడి ఆడువారు తెల్లవారకముందే గంప నెత్తి కెత్తి చేపలమ్మి, పైకము కొంగున ముడివేసికొని వత్తురు. సంసారపు లెక్క వారి వ్రేళ్ల మీదనే. మొగుడు కొట్టినచో కులపెద్దల యెదుట తప్పు కట్టించి వేరై, మారుమనువు పోవు ఆచారము మన సీమలో అనేక కులములలో ఎప్పటినుండియో యున్నది. రాజమహేంద్రవరములో వీరేశలింగముగారు 1881లో ఒక విధవకు పెండ్లి చేయుటకు యుద్ధము చేయవలసి వచ్చెను గదా, ఇక్కడ విధవ మారుమనువు పోయిన వార్త సంతలో చేపల ధర పాటి యాశ్చర్యమును గూడ పుట్టింపలేదు! కోర్టుకెక్కి, వకీలును పెట్టి, ఏండ్లు పట్టించుకొని విడాకులు పొందవలెనను విధిని వీరికి నేర్పినది ఎవరు? పై కులముల కట్టుబాటునే స్త్రీజాతి ధర్మమని దేశమంతట పరచినది ఎవరు?

పంతులమ్మ: వివాహచట్టములోని 29వ సెక్షను ఆచారపు విడాకులను విడిచిపెట్టినది, మీకు తెలియదా? అమ్మ పుట్టిల్లు మేనమామకు తెలియదన్నట్లున్నది! మారుమనువు పోవుటకు నేటికిని అడ్డు లేదు. కాని ఆ కులసభలో కూర్చున్నది ఎవరు? చెట్టు క్రింద తుండుగుడ్డలు పరచుకొన్న మగవారు. తప్పు కట్టినది ఎవరికి? చాల తడవలు ఆ సొమ్ము ఆమెకు గాక పాత మొగునికే. అతడిచ్చిన ఓలి తిరిగి అతనికి రావలెననుట. అంతకును ఆమె ఒక చేతినుండి ఇంకొక చేతికి మారు సొత్తు వంటిదే. అయినను, ఆ గంప నెత్తిన పెట్టుకొన్న మనిషి నడకలో నేను మా యింటి ఆడువారిలో చూడని తేజము చూచితిననుట నిజము. దానిని చట్టము ఇయ్యలేదు. చట్టము తీసివేయకుండిన చాలును.

రైటరు: ఇక ఒక్క మాట నవ్వు కొఱకు. వేదాంతం సత్యనారాయణశర్మగారు మహానటులు, సందేహము లేదు. చీర కట్టి, జడ వేసికొని సత్యభామగా రంగమెక్కినందులకు 1970లో వారికి పద్మశ్రీ నిచ్చిరి. స్త్రీవేషము వేసిన పురుషునకు పద్మశ్రీ, నిజముగా స్త్రీయైయుండి దేవుని పల్లకి ముందు ఆడినదానికి 500 రూపాయల జుల్మానా.

పంతులమ్మ: నవ్వితిని, నవ్వి సిగ్గుపడితిని. ఎంత వెదకినను దీనికి నాకు సమాధానము దొరకదు. కాని దీని ప్రక్కనే ఇంకొకటి పెట్టుదును. విజయనగరములో మహారాజావారు 1919లో సంగీత కళాశాల పెట్టిరి, నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులు. ఆ కళాశాలలోనే మర్యాదస్థుల యింటి పిల్ల పి. సుశీల సంగీతము నేర్చి పట్టము పొందినది. పాడుట చేత ఆమెకు ఏ కులమువారును మరొక పేరు పెట్టలేదు. విద్యను బ్రతుకునుండి విడదీయుట వలన ఈ లాభము గలిగినది; ఆ విడదీయుటలో నష్టపోయినవారు మాత్రము విద్యను అంతదాక కాపాడినవారే. ఇది నేను కప్పిపుచ్చను.

రైటరు: అయినచో నేటి మాటకు వత్తును. మన భోగాపురమున విమానాశ్రయమునకు శంకుస్థాపన రెండు మార్లు జరిగినది, 2019లో నొకటి, 2023లో నొకటి. నేల ధర మాత్రము ఏ మారునకును ఆగలేదు. 1956 వారసత్వ చట్టము కూతునకు తండ్రి స్వార్జితములో వాటా ఇచ్చి, ఉమ్మడి ఆస్తిలో మాత్రము కొడుకులతో సమముగా నిలువనీయలేదు. ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వము 1986లో ఆ లోపమును దేశమునకు ముందుగా సవరించినది, చాల గొప్ప పని. అయితే అప్పటికే పెండ్లియైన కూతుండ్రకు అది వర్తింపదని ఒక వాక్యము చేర్చిరి. మరల పెండ్లియే కొలబద్ద! 2005లో కేంద్రము ఆ వాక్యమును తీసివేసినది, 2020లో సుప్రీంకోర్టు హక్కు పుట్టుకతోనే వచ్చునని ఖండితముగా చెప్పినది. దేవుడు వరమిచ్చినను పూజారి వరమియ్యలేదన్నట్లు, హక్కు వచ్చిన తరువాతనే నా బల్ల యొద్దకు రిలీజు డీడులు ఎక్కువైనవి. అత్తవారి యూరినుండి చెల్లెలిని అన్నగారు ఆటోలో తీసికొని వచ్చును. ఉదయమున పెట్టిన కొత్త చీర కట్టుకొనియుండును, కొంగు చివర దుకాణపు చీటి ఇంకను ఊడియుండదు. నాకు పసుపు కుంకుమల నిమిత్తము లోగడ ముట్టవలసినది ముట్టినందున, ఎవరి బలవంతమును లేక నా వాటా హక్కును విడుదల చేయుచున్నానని నేను చదువుదును. ఆమె తల యూపును. యంత్రము మీద వ్రేలు పెట్టమందురు; పెట్టును. తేమగానున్న దని మరల తుడిచి పెట్టమందురు, మరల పెట్టును.

పంతులమ్మ: పసిబిడ్డదని నేను ఏ సమ్మతిని కాదంటినో, ఆ సమ్మతికి మీరు ఇందాక గౌరవము కోరితిరి. ఇప్పుడో, ఈ ముప్పదేండ్ల గృహిణి సమ్మతిని మీరే అనుమానించుచున్నారు!

రైటరు: మీరు మాత్రము? ఆచారము మెడ మీద కూర్చున్నప్పుడు అవుననుట సమ్మతి గాదని మీరంటిరి. ఈ చెల్లెలి మెడ మీద కూర్చున్నది ఆచారము గాక మరేమి? రేపు ఆషాఢమునకు పిలువరని, బిడ్డ పెండ్లికి మేనమామ రాడని, మొగుడు వెళ్లగొట్టిన నాడు తలుపు తీయరని ఆమెకు భయము. ఆనాటి దేవదాసిని విడిపించిన చట్టము నేడీ వ్రేలిని ఎందులకు పట్టుకొనదు?

పంతులమ్మ: ఎందులకనగా ఈమె పెద్దది. పెద్దదాని చేతిని చట్టము పట్టుకొన్నచో అది మీరు మొదట తిట్టిన చట్టమే యగును. పుట్టింటి గుమ్మమును ఎకరము వెల యిచ్చి కొనుట ఆమెకు ఇష్టమైనచో కొననిండు. తాను ఎంత యిచ్చి కొనుచున్నదో ఆమె ఎరుగవలెను, అంత మాత్రమే నేను కోరుదును. ఇంతకు, మీరు వ్రాయు విలువ ఏది?

రైటరు: సర్కారు విలువ. స్టాంపు కొఱకు వ్రాయవలసినది అదే.

పంతులమ్మ: ప్రక్క సర్వే నంబరు భూమి పోయిన నెలలో ఏ ధరకు అమ్ముడువోయినదో, ఆ సంగతి ఆమెకు చదివి వినిపింపబడినదని దస్తావేజులో ఒక వరుస ఎందులకు చేర్పరు?

రైటరు: చేర్చినచో ఆ అన్నదమ్ములు రెండవ మారు నా గుమ్మము త్రొక్కరు. ఎదుటి వీధి రైటరు దగ్గరకు పోవుదురు.

పంతులమ్మ: అతని కూతురు నా బడిలో చదివినది. అతనితో నేను మాటలాడుదును. మీరు ముందు వ్రాయుడు.

రైటరు: వ్రాసినను, అన్నలను బయట నిలువబెట్టి ఆమెకు ఒంటిగా చదువుటకు ఆ కార్యాలయములో వేరు గది లేదు, అమ్మా.